ఇంకా టైముంది, నెమ్మదిగా రండి

మా థియేటర్లో ఇనపమెట్ల కింద నిలబడి "తొందరగా" అన్న మాట ఎవరూ అనరు. మిగతా కట్టుబాట్లన్నీ ఎప్పుడో గాలికొదిలేశారు. తెర చాటున సిగరెట్లు కాలుస్తారు, వేషం బట్టల్తోనే టీ తాగి మరకలు చేసుకొచ్చి నా మొహాన పడేస్తారు. ఈ ఒక్కటి మాత్రం ఎంత మొండిఘటమైనా దాటడు.

ఆ మెట్లు స్టేజీ వెనకనుంచి పైన రంగుల గదికి పోతాయి. నాటకాలకి కావలసిన తెరలు, బొమ్మలు అన్నీ వేసే గది అది. పగలైతే ఫరవాలేదు, ఎవరైనా ఎక్కుతారు, దిగుతారు. రాత్రి ఆట మొదలయ్యాక — హాల్లో దీపాలారిపోయాక — ఆ వైపు ఎవరూ చూడరు. తప్పనిసరై పక్కనుంచి పోవాల్సొస్తే మెట్ల పక్క కమ్మీ మీద చెయ్యేసి, పైకి వినపడీ వినపడకుండా ఒక మాటంటారు.

"ఇంకా టైముంది... నెమ్మదిగా రండి."

ఎవరితో అంటున్నారని కొత్తవాళ్ళు అడుగుతారు. నేనే చెప్పాలి మరి, ఇంకెవరు చెప్తారు? ఇక్కడ పాతకాలం మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. బట్టల గది చూసుకుంటాను కాబట్టి అందరికీ బట్టలత్తని. దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను, ముందే చెప్తున్నా. నమ్మను గాక నమ్మను. అయినా ఆ మెట్లెక్కమంటే ఎక్కను. నాకు మోకాలు నొప్పి, అంతే.

పూర్వం మా దగ్గర ఒకాయన ఉండేవాడు. రాజు వేషాలన్నీ ఆయనవే కాబట్టి రాజుగారనేవాళ్ళం. వేషం తీసేస్తే మాసిన చొక్కా, చెవి వెనక కుంచె. వేషం ఎంత బాగా కట్టేవాడో తెరలూ అంత బాగా వేసేవాడు. నేనప్పుడు పనికి కొత్త. ఆయన నడుముకి పట్టీ బిగించాలంటే నా వేళ్ళు గజగజ వణికేవి. ఆయన ఒక్కనాడూ కసురుకోలేదు. అరచెయ్యి కిందికి తిప్పి, గాల్లో రెండుసార్లు మెల్లిగా ఆడించేవాడు — పసిపిల్లని జోకొడుతున్నట్టు. ఇంకా టైముందిలే, నెమ్మదిగా కట్టు, అని. నా వణుకు తగ్గిపోయేది.

నిజానికి టైము లేనిది ఆయనకే. పగలంతా తెరల ముందు, రాత్రంతా తెరల వెనక. తిండి నిలబడే తినేవాడు. ఎంట్రీకి ముందు తెర చాటున ఒక్కసారి గొంతు సవరించుకోవడం మాత్రం మరిచేవాడు కాదు.

ఒక రాత్రి, ఆట మధ్యలో కాస్త సందు దొరికిందని రాజు వేషంలోనే పైకెళ్ళాడు. చివరి తెరలో ఏదో దిద్దాలిట. కుంచె పట్టుకున్నాక ఆయనకి లోకం ఎక్కడ గుర్తుంటుంది? కింద ఎంట్రీ దగ్గర పడింది. అప్పటి మేనేజరు మెట్ల కింద నిలబడి గొంతు చించుకున్నాడు.

"ఎక్కడ చచ్చావయ్యా? తొందరగా దిగు!"

పైనుంచి పరుగు. బూట్ల చప్పుడు — టకటకటకా... సగందాకా వచ్చింది...

అక్కడే ఆగిపోయింది.

అంగీ కాలికి చుట్టుకుంది. మిగతా సగం ఆయన దిగలేదు, పడ్డాడు. మళ్ళీ లేవలేదు. నేను కిరీటం పట్టుకుని తెర చాటున నిలబడే ఉన్నాను.

ఆయన బూట్లు నా దగ్గరే ఉన్నాయి. కుడిదాని అడుగు అరిగిపోతే అడ్డంగా ఒక తోలుముక్క, నిలువుగా ఒక తోలుముక్క వేసి నేనే కుట్టాను. మళ్ళీ ఏ వేషగాడికీ ఇవ్వలేదు. గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఇదిగో, నా మెళ్ళోనే ఉంటుంది.

అప్పట్నుంచీ ఆట రాత్రుళ్ళు ఆ మెట్ల మీద చప్పుడు. అన్ని రాత్రుళ్ళూ కాదు... కొన్ని రాత్రుళ్ళు. టకటకటకా అని పైనుంచి బయల్దేరుతుంది. సగంలో ఆగిపోతుంది. ఎలకలంటారు కొందరు. బూట్లు తొడుక్కున్న ఎలకల్ని నేనైతే చూళ్ళేదు.

ఇక అసలు సంగతికొస్తా. ఇందులో కొంత నేను చూసింది, కొంత మా మరిది చెప్పింది, మిగతాది ఇక్కడే పనిచేసే ఒక పిల్ల నోట విన్నది. మా మరిది ఇక్కడే ప్రాంప్టరు. తెర చాటున స్టూలేసుకుని కూచుని, మాట మర్చిపోయినవాళ్ళకి అందిస్తుంటాడు.

ఆ పిల్లని మేమంతా బొమ్మలమ్మాయి అంటాం. మంచి నటి. అంతకంటే మంచి చెయ్యి. పొద్దున్నే వచ్చి పోస్టర్లు గీస్తుంది, ఎవరికి ఏ బట్టలు కుట్టాలో నాకు బొమ్మలేసి ఇస్తుంది, మధ్యాహ్నం రిహార్సలు, రాత్రి ఆట. ఒకసారి మహారాణి వేషంలో సింహాసనం మీద కూచుని చెయ్యెత్తితే మోచేతికి ఇంత పచ్చరంగు! ముందు వరస జనం కిసుక్కుమన్నారు. ఇంకోసారి నేను విప్పి పడేసిన బట్టల గుట్ట మీదే నిద్రపోయింది. చూసుకోకుండా దాని మీద ఇంకో నాలుగు కోట్లు పడేశాను. ఇంటికెళ్తే వాళ్ళక్క గుమ్మంలోనే నిలదీస్తుందట — "ఇవాళ నటివా, బొమ్మలదానివా? తేల్చుకుని లోపలికి రా" అని.

నేనూ చాలాసార్లు మొత్తుకున్నాను. "పిల్లా, ఏదో ఒకటి పట్టుకోవే. ఇలా కాలుగాలిన పిల్లిలా తిరిగితే ఎన్నాళ్ళుంటావు?"

ఎప్పుడూ నవ్వి ఊరుకునేది. ఒకరోజు మాత్రం నవ్వలేదు.

"నా వల్ల కాదత్తా. వేషం ముందు కాగితం మీద గీసుకుంటేగానీ ఎలా నిలబడాలో నాకు తెలీదు. స్టేజీ ఎక్కకపోతే ఏం గీయాలో తోచదు. ఇందులో ఏది వదిలేసినా రెండోది కూడా పోతుంది. నాకు భయమేస్తోంది."

కళ్ళనిండా నీళ్ళు. ఆ మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

అప్పుడే కొత్త నాటకం వచ్చింది. ఎన్నాళ్ళుగానో కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన పెద్ద వేషం తనకే దక్కింది. ఇల్లొదిలి పోయిన కూతురు చాలా ఏళ్ళకి కాలినడకన తిరిగొస్తుంది. అప్పటికి తల్లి ఉండదు. గోడ మీద తల్లి బొమ్మ ఉంటుంది, నిలువెత్తుది. చివరి సీన్లో ఆ బొమ్మతో మాట్లాడాలి. ఆ బొమ్మ వెయ్యాల్సిందీ తనే.

బొమ్మలో తల్లి గుమ్మంలో నిలబడి చెయ్యెత్తి ఉంటుంది. కూతురి మాట ఏమిటంటే — "పొమ్మన్నావా, రమ్మన్నావా? ఆ చెయ్యి నాకిప్పటికీ అర్థం కాలేదమ్మా." ఆ మాట మీదే నాటకమంతా నిలబడాలి. మొహం వేసింది, కట్టుబట్టలు వేసింది, గుమ్మం వేసింది. చెయ్యి మాత్రం కుదర్లేదు. వేస్తే పొమ్మన్నట్టుంటుంది, చెరిపి వేస్తే రమ్మన్నట్టుంటుంది. తుడిచీ తుడిచీ అక్కడ గుడ్డ పల్చబడింది.

మా డైరెక్టరుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. మొదటి ఆట రోజు సాయంత్రానికి కూడా చెయ్యి లేదని తెలిసి ఒంటికాలి మీద లేచాడు.

"చూడమ్మా, ఇదే ఆఖరిసారి. బొమ్మ పూర్తిగా దిగకపోతే రేపట్నుంచి బొమ్మల పని ఇంకొకరికిస్తా. ఎంట్రీ తప్పావా, వేషమూ ఇంకొకరికే. రెండూ నెత్తినేసుకున్నది నువ్వు. నన్ననకు."



ఆట మొదలైంది. మొదటి సీన్లో తన పని బాగానే చేసింది. దాని తర్వాత అన్నా వదినల సీన్లు... చాలాసేపు తనకి పనిలేదు. నేను తెర చాటున నౌకరు వేషగాడి భుజం దగ్గర చిరుగు కుడుతున్నాను, నోట్లో దారం ముక్క. ఆ పిల్ల నా పక్కనుంచే పోయింది. పాతగౌను చేత్తో ఎత్తిపట్టుకుని — కాలినడకన వచ్చిన కూతురు కదా, చెప్పుల్లేవు — ఇనపమెట్ల వైపు.

 నోట్లో దారం. అరవడానికి లేదు, స్టేజీ మీద ఆట. చెయ్యూపాను. చూళ్ళేదు. ఎక్కిపోయింది.

కమ్మీ మీద చెయ్యెయ్యలేదు. ఆ మాటా అనలేదు. తొందరలో మర్చిపోయిందట.

ఇక్కణ్ణుంచి తను చెప్పింది.

పైన చిన్న దీపం ఒకటే వెలుగుతోంది. బొమ్మ తాళ్ళకి వేలాడుతోంది. ఆ గదిలో గోడ పొడుగునా నేల చీల్చినట్టు ఒక సందు ఉంటుంది. బొమ్మలు ఆ సందులోంచే కిందికి, స్టేజీ మీదకి దింపుతారు. తాళ్ళు వదిలేవాళ్ళు కిందే ఉంటారు. ఆ సందులోంచి వెలుగూ వస్తుంది, మాటలూ వినిపిస్తాయి. అన్న మాటలు వింటూ లెక్క చూసుకోవచ్చులే అనుకుంది. కుంచె ముంచింది. మణికట్టు వేసింది. బొటనవేలు...

కాసేపటికి కింద మాటలు వినపడటం మానేశాయి. కాదు — తనే వినడం మానేసింది.

అప్పుడు... మెట్ల మీద చప్పుడు.

టకటకటకా... ఆగింది.

చెయ్యి గాల్లో ఆగిపోయింది.  ఏమీ లేదు. ఎలకలు, అనుకుంది. మళ్ళీ కుంచె ఆనించింది.

మళ్ళీ... టకటకటకా... ఈసారి దగ్గరగా. ఆగింది.

గదిలో మొహానికి పూసుకునే పౌడరు వాసన. ఇప్పటి పౌడరు కాదు. కాస్త మగ్గినట్టు, పాత పెట్టె మూత తెరిస్తే వచ్చేలాంటి వాసన. 

వెనకనుంచి... చాలా మెల్లిగా...

"టైమైంది."

ప్రాణం లేచొచ్చిందట! ప్రాంప్టరు బాబాయే పిలవడానికి వచ్చాడనుకుంది. వెనక్కి తిరగలేదు. కళ్ళు బొమ్మ చేతి మీదే ఉన్నాయి.

"అయ్యో బాబాయ్... చెయ్యి ఇంకా కాలేదు."

 తర్వాత...

"నేను చూస్తాగా. నువ్వెళ్ళు."

ప్రాంప్టరేమిటి, చెయ్యి గీయడమేమిటి? అంత ఆలోచించే తీరిక ఎక్కడుంది? కింద అన్న తన ఆఖరి మాటలో ఉన్నాడు. కుంచె కింద పెట్టి చటుక్కున లేచింది. నీలం డబ్బా మోకాలికి తగిలి ఒలికిపోయింది. చూసుకోకుండా మెట్ల మీదికి ఉరికింది. చీకటి. ఒకటే పరుగు —

సగంలో ఎవరో గౌను పట్టుకున్నట్టయింది. వెనకనుంచి. గట్టిగా.

ఆగిపోయింది. వంగి చూస్తే గౌను అంచు తన మడమ కిందే ఉంది. ఇంకొక్క అడుగు వేసి ఉంటే... తల కింద, కాళ్ళు పైన.

అంచు లాక్కుంది. ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది. ఎంట్రీ మాట వినపడేసరికి తెర చాటున ఉంది. నేను చూశాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. స్టేజీ మీదికి అడుగుపెట్టింది.

మాటలన్నీ అప్పజెప్పింది కానీ, కళ్ళు మాటిమాటికీ పైనున్న తాళ్ళ మీదికే పోతున్నాయి. బొమ్మ దిగబోతోంది. తల్లికి ఒక చెయ్యి లేదు. మణికట్టు, బొటనవేలు, అంతే. హాలంతా చూస్తుంది. డైరెక్టరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అటు బొమ్మల పనీ, ఇటు వేషమూ ఈ ఒక్క సీన్లో తేలిపోతాయి.

తాళ్ళు వదిలారు. బొమ్మ మెల్లిగా దిగింది.

పిల్ల తలెత్తి చూసింది.

చెయ్యి ఉంది.

నిండుగా, అయిదు వేళ్ళతో ఉంది. తడి ఆరలేదు, దీపాల కింద మెరుస్తోంది. పొమ్మన్నట్టూ లేదు, రమ్మన్నట్టూ లేదు. అరచెయ్యి కిందికి తిప్పి ఉంది. గాల్లో జోకొడుతున్నట్టు...

నా చేతిలో సూది కింద పడింది.

పిల్ల అలాగే నిలబడిపోయింది. నోట మాట లేదు. మా మరిది స్టూలు మీంచి ముందుకి వంగి మాట అందించాడు. వినపడలేదు. మళ్ళీ అందించాడు. హాల్లో దగ్గు కూడా లేదు. అప్పుడా పిల్ల పెదాలు వణికి, ఏడుపు గొంతుతో...

"పొమ్మన్నావా, రమ్మన్నావా... ఆ చెయ్యి నాకిప్పటికీ అర్థం కాలేదమ్మా."

జనం ఏడ్చారంటే ఏడ్చారు మరి. తెర పడ్డాక చప్పట్లు ఆగలేదు. ఆ మౌనం భలే పట్టావమ్మా అని డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు. ఆ పిల్ల ఆయన్ని దాటుకుని నేరుగా మా మరిది దగ్గరకొచ్చింది.

"బాబాయ్, నీకు బొమ్మలెప్పుడొచ్చు? సమయానికి పైకొచ్చి పిలవకపోతే నా పని అయిపోయేది."

మా మరిది తెల్లమొహం వేశాడు. "నేనెక్కడికొచ్చానమ్మా? స్టూలు దిగితే కదా!"

నిజమే. నా కళ్ళ ముందే కూచున్నాడు.

డైరెక్టరు నవ్వేశాడు. "ఓహో, బాగుంది. చెయ్యి నువ్వే వేసి, భయంలో మర్చిపోయావు. లేదా మన అత్త ఏదో నాటకమాడింది."

"నేనా?" ఒళ్ళు మండింది నాకు. "నౌకరు వేషగాణ్ణడుగు, ఎవరి భుజానికి కుట్టేస్తున్నానో! ఈ మోకాలితో నేనా మెట్లెక్కి దిగితే రేపు నన్ను మొయ్యడానికి నలుగురు కావాలి."

"అయితే పదండి, చూద్దాం" అని టార్చి తీసుకుని బయల్దేరాడు. నలుగురం వెళ్ళాం.

మెట్ల దగ్గరికి వెళ్ళాక టార్చి వెయ్యడంతోనే ఆయన నవ్వు ఆగిపోయింది.

మెట్ల మీద అడుగులు. నీలం రంగువి.

పైనుంచి కిందిదాకా ఉన్నాయి. పరుగెత్తినవి కావు. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, నింపాదిగా దిగిన అడుగులు. సగంలో ఆగలేదు. సగం దాటాయి. ఆఖరి మెట్టూ దిగాయి. అక్కణ్ణుంచి స్టేజీ పక్కకి, తెర చాటుకి నడిచి... పూర్వం రాజు ఎంట్రీకి ఎక్కడ నిలబడేవాడో సరిగ్గా అక్కడ, స్టేజీకి ఎదురుగా తిరిగి ఆగిపోయాయి.

"పిల్లవేనేమో..." అన్నాడు డైరెక్టరు.  పిల్ల మాట్లాడకుండా తన కాలు పక్కన పెట్టి చూపించింది. వట్టి కాలు. చిన్న కాలు. ఆ అడుగులు బూట్లవి. మగమనిషివి.

నేను వంగాను. మోకాలు నొప్పి కూడా తెలీలేదు. కుడి అడుగులో... అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. నేను వేసిన కుట్లు కూడా కనపడుతున్నాయి.

"అత్తా," అంది పిల్ల గుసగుసగా, "పెట్టె తియ్యి."

బట్టల గదిలోకి వెళ్ళాం. పెట్టెకి తాళం వేసినట్టే ఉంది, మీద దుమ్ము కూడా కదల్లేదు. మెళ్ళోంచి తాళంచెవి తీశాను. నా వేళ్ళు మళ్ళీ అలాగే, కొత్తలోలాగే వణికాయి. గుడ్డ విప్పాను.

బూట్ల అడుగులు నీలంగా ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. తడి.

ఆ తర్వాత డైరెక్టరు ఆ పిల్లని ఏదో ఒకటి తేల్చుకోమని ఎప్పుడూ అనలేదు. తను చేసిందల్లా ఒకటే — చివరి సీనుకి ముందు ఇంకాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేలా ఆట మార్చాడు. పిల్ల ఇప్పటికీ పొద్దున బొమ్మలూ, రాత్రి వేషమూ. మోచేతికి రంగు మాత్రం మానలేదు, ఆట ముందు నేనే తుడుస్తాను. ఆ చెయ్యి మీద మళ్ళీ కుంచె పెట్టలేదు.

మెట్ల మీద ఆ పరుగు చప్పుడు మళ్ళీ వినపడలేదు. ఒక్కసారి కూడా లేదు. దిగేశాడుగా, ఇంకేం పరుగు? కొత్తవాళ్ళు ఆ మాట అనడం కూడా మానేశారు. నాకే అలవాటు పోదు.

నిన్న రాత్రి కూడా, ఆట మధ్యలో, చేతినిండా కోట్లతో అటు పోతూ కమ్మీ మీద చెయ్యేసి అన్నాను — "ఇంకా టైముంది... నెమ్మదిగా రండి."

పైనంతా నిశ్శబ్దం.

నా వెనక, తెర చాటున... రాజుగారు ఎంట్రీకి నిలబడే చోట... ఎవరో గొంతు సవరించుకున్నారు.